అటక మీది వీడియో క్యాసెట్లు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



సంక్రాంతి ముందు ఇల్లు దులుపుకోవడం మనందరికీ ఉన్న అలవాటే. పోయిన సంవత్సరం అలా దులుపుతూ అటక మీంచి ఒక అట్టపెట్టె దింపించాను. బరువుగా ఉంటే పాత ఇత్తడి సామాను కాబోలు అనుకున్నాను. విప్పి చూస్తే పదకొండు వీడియో క్యాసెట్లు! మధ్యమధ్య కలరా ఉండలు. అవి ఎప్పుడు వేశానో నాకే గుర్తులేదు. క్యాసెట్ల మీద నా చేతిరాతే. "మరిది పెళ్ళి", "గృహప్రవేశం", "అమ్మాయి అన్నప్రాశన", "మామగారి షష్టిపూర్తి, 1989". రెండింటి మీద మాత్రం ఏ రాతా లేదు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. మన దేశంలో 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలప్పుడు రంగుల టీవీ వచ్చింది. ఆ తర్వాత పదేళ్ళలో మన పట్టణాల్లో వీడియో తీయించని పెళ్ళి లేదంటే అతిశయోక్తి కాదు. భుజాన కెమెరా, వెనకాల ఒక కుర్రాడి చేతిలో కళ్ళు జిగేల్మనే లైటు, ఆ వేడికి కరిగిపోతున్న పెళ్ళికూతురి ముఖాన పౌడరు. అవన్నీ మనం చూసినవే. ఆ క్యాసెట్లని ఒకటికి రెండుసార్లు వేసుకుని చూశాం, బంధువులకి చూపించాం, తర్వాత అటక ఎక్కించాం.

ఆ సాయంత్రమే అమెరికా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. దానికి రెండో కూతురు పుట్టి అప్పటికి పది రోజులు. క్యాసెట్ల సంగతి చెప్పగానే, "అమ్మా! షష్టిపూర్తినాడు నాన్నమ్మ హారతి పాట పాడిందని చెప్తావు కదా, అది దాన్లో ఉంటుందా? ఇరవయ్యొకటో రోజు బారసాల. ఆ పాట వినిపించు" అంది.

మా అత్తగారు 1996లో పోయారు. ఆవిడ మంగళహారతి పాడితే వీధిలోవాళ్ళు గుమ్మంలో నిలబడి వినేవారు. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న వరస అది. నాకు సగమే వచ్చు. రెండో చరణం దగ్గర వరస తప్పుతాను. ఆవిడ ఫోటోలు ఆల్బమ్ నిండా ఉన్నాయిగాని, గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఉంటే ఆ క్యాసెట్లోనే ఉండాలి.

ఇక నేను ఆగలేకపోయాను. మా పాత వీసీపీ ఇంకా గుడ్డ కప్పుకుని ఒక మూల ఉంది. దుమ్ము తుడిచి, టీవీకి తగిలించి, షష్టిపూర్తి క్యాసెట్ లోపలికి తోశాను. తెర మీద ముందు మంచు కురిసినట్టు చుక్కలు. తర్వాత మా పాత ఇంటి వీధి గేటు. ఆ గేటు తోసుకుని పళ్ళ పళ్ళెంతో మా నాన్నగారు వస్తున్నారు. ఆయనకి ఎడమ చేత్తో పంచె కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని నడవడం అలవాటు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ నడక చూశాను. గట్టిగా రెండడుగులు వేశారో లేదో, బొమ్మ వంకర్లు పోయింది. లోపల కరకరమని చప్పుడు. తీద్దామంటే క్యాసెట్ రాదు. మావారు స్క్రూలు విప్పి బయటికి తీసేసరికి టేపు ముడతలు పడి, ఒకచోట తెగిపోయి ఉంది. అర నిమిషం పాటు బొమ్మ పోయింది. మా నాన్నగారు గేటు దగ్గర్నుంచి అరుగు దాకా నడిచిన అర నిమిషం. ఆయన 1992లో పోయారు. ఆ నడక ఇంకెక్కడా లేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు, తొందరపాటు నాదే. మీరెవరూ ఆ పని చేయకూడదనే ఇవాళ ఈ నాలుగు మాటలు చెప్పడానికి కూచున్నాను.

అసలు క్యాసెట్లో ఏముంటుందో కాస్త తెలుసుకుందాం. మనందరి ఇళ్ళలోనూ ఉన్నది వీహెచ్ఎస్ అనే రకం. జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. లోపల అరంగుళం వెడల్పున్న పల్చటి ప్లాస్టిక్ రిబ్బను ఉంటుంది. మూడు గంటల క్యాసెట్లో అది సుమారు 258 మీటర్ల పొడుగు. దాని మీద అయస్కాంత గుణం ఉన్న పొడి ఒక రకం జిగురుతో పట్టించి ఉంటుంది. మన బొమ్మా, మాటా ఆ పొడిలోనే ఉన్నాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ జిగురు పట్టు వదులుతుంది, అయస్కాంత గుణమూ తగ్గుతుంది. దానికి తోడు చెమ్మ. మాది విశాఖపట్నం. సముద్రపు గాలికి ఉప్పు డబ్బాయే నీరుకారిపోతుంది, టేపుకి బూజు పట్టడం ఒక లెక్కా? కలరా ఉండలు చీరలకి పురుగు పట్టకుండా చూస్తాయేమోగాని, గాలిలో చెమ్మని ఆపలేవు.

క్యాసెట్ మీద అద్దంలాంటి చిన్న కిటికీలు రెండుంటాయి. వెలుతురులో పెట్టి వాటిలోంచి టేపు చుట్ట అంచుల్ని చూడండి. నల్లగా నున్నగా ఉంటే మంచిదే. తెల్లగా పొడి చల్లినట్టో, సాలెగూడు పోగుల్లాగో కనిపిస్తే అది బూజు. అలాంటి క్యాసెట్‌ని ఏ యంత్రంలోనూ పెట్టకండి. టేపు పాడవడమే కాదు, బూజు యంత్రం లోపలి హెడ్డుకి అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకీ అంటుకుంటుంది. నేను చూడకుండా పెట్టిన క్యాసెట్‌కి సరిగ్గా ఇదే ఉంది. బూజు అనగానే మనకి ఎండ గుర్తుకొస్తుంది. అప్పడాల్లాగా వీటిని ఎండలో పెట్టకండి. వేడికి టేపు వంకర్లు తిరుగుతుంది. తడిగుడ్డతో తుడవడం అంతకంటే ప్రమాదం. తెగిన టేపుని మామూలు సెలోటేపుతో అతికించనూ వద్దు. ఆ జిగురు హెడ్డుకి పట్టేస్తుంది. ఇవన్నీ చేతనైనవాళ్ళు చేయాల్సిన పనులు.

ఇంకో సంగతి. క్యాసెట్ వీపు మీద ఎడమవైపు చివర చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఎవరూ పొరపాటున ఇంకొకటి రికార్డు చేయలేరు. పెళ్ళి మీద క్రికెట్ మ్యాచ్ ఎక్కిన ఇళ్ళు నాకు తెలుసు. కాబట్టి ముందా పలక విరిచేయండి.

"ఇప్పుడెందుకు తొందర, ఇన్నేళ్ళు ఆగాయిగా" అంటారేమో. టేపు సంగతి అలా ఉంచండి, దాన్ని ఆడించే యంత్రమే కరువైపోయింది. జపాన్‌లో ఫునాయ్ అనే కంపెనీ ఒక్కటే చివరిదాకా వీసీఆర్‌లు తయారు చేస్తూ వచ్చింది. విడిభాగాలు దొరకడం లేదని అదీ 2016 జూలైలో ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాతవే. అవి బాగుచేసే మెకానిక్కులూ తగ్గిపోతున్నారు. మొత్తం మీద మన క్యాసెట్లకి ఇంకా ఎన్నిసార్లు తిరిగే ఓపిక ఉందో చెప్పలేం. ఒక్కసారే ఉందనుకోండి. ఆ ఒక్కసారి మనం చూడ్డానికి ఖర్చు పెట్టకూడదు, కాపీ చేయడానికి ఖర్చు పెట్టాలి. ముందు కాపీ, తర్వాత చూడటం. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకుంటే నా ప్రసంగం ఫలించినట్టే.

కాపీ ఎలా చేస్తారు? మంచి స్థితిలో ఉన్న వీసీఆర్‌లో క్యాసెట్ వేస్తారు. దాని వెనక నుంచి వైర్లు తీసుకుంటారు. పసుపు రంగుది బొమ్మకి, తెలుపూ ఎరుపూ మాటకి. ఆ వైర్లు ఒక చిన్న డబ్బా ద్వారా కంప్యూటరులోకి వెళతాయి. క్యాసెట్ ఆడుతూ ఉంటే కంప్యూటరు దాన్ని దాచుకుంటూ ఉంటుంది. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, దగ్గరదారి లేదు. అందుకే దుకాణంవాళ్ళు గంటల లెక్కన డబ్బు తీసుకుంటారు. తర్వాత ఆ దాచుకున్నదాన్ని డిస్కు మీదికి ఎక్కిస్తారు. క్యాసెట్లో లేని స్పష్టత డిస్కులో రాదు. ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది, అంతే. అదే పదివేలు.

ఎడంచెయ్యంత చిన్న హ్యాండీక్యామ్ క్యాసెట్లు కూడా కొందరి దగ్గర ఉంటాయి. వాటిలో వీహెచ్ఎస్-సీ అనే రకాన్ని ఒక తొడుగులో పెట్టి మామూలు వీసీఆర్‌లో ఆడించవచ్చు. మిగతా చిన్న రకాలకి వాటి కెమెరాయే కావాలి. ఆ పాత కెమెరా ఇంట్లో ఉంటే పాతసామాన్లవాడికి ఇచ్చేయకండి.

ఇక నా అనుభవం. ఒక దుకాణంలో బూజు తుడిచి, తెగినచోట అతికించి, డిస్కు చేసి ఇచ్చారు. దుకాణంలో వేసి చూపిస్తే చక్కగా ఆడింది. ఇంటికొచ్చి మా డీవీడీ ప్లేయరులో పెడితే "డిస్కు లేదు" అంటుంది! పక్కింటివాళ్ళ దానిలో పెట్టినా అంతే. మర్నాడు వెళ్ళి అడిగితే కుర్రాడు నాలిక్కరుచుకుని, "సారీ ఆంటీ, ఫైనలైజ్ చేయడం మర్చిపోయాను" అన్నాడు. దండ గుచ్చి చివర ముడి వేయకపోతే ఎలాగో, ఇదీ అంతే. రాసిన డిస్కుకి చివర ముడి వేస్తేనే వేరే ప్లేయర్లు దాన్ని గుర్తుపడతాయి.

అప్పుడతను ఓపిగ్గా అన్నీ వివరంగా చెప్పాడు. ఏ ప్లేయరులోనైనా ఆడాలంటే దుకాణంలో మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి, "డీవీడీ వీడియో" పద్ధతిలో చేయమనాలి. కంప్యూటరు ఫైలుని అలాగే డిస్కు మీద పడేస్తే కంప్యూటరులో ఆడుతుందిగాని, పాత ప్లేయర్లు ఒప్పుకోవు. సరైన పద్ధతిలో చేస్తే డిస్కులో "వీడియో టీఎస్" అనే ఫోల్డరు కనిపిస్తుంది.

రెండు, డిస్కుల్లో మైనస్ ఆర్ అనీ, ప్లస్ ఆర్ అనీ రకాలున్నాయి. పాత ప్లేయర్లు మైనస్ ఆర్‌ని ఎక్కువగా ఒప్పుకుంటాయి.

మూడు, ఒక డిస్కులో 4.7 గిగాబైట్లు పడుతుంది. రెండు గంటల బొమ్మకి అది సరిగ్గా సరిపోతుంది. మూడు, నాలుగు గంటలు కుక్కితే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. ఇంకో డిస్కు ఖర్చుకి వెనకాడకండి.

నాలుగు, ముడి వేశారా అని అడిగి, వేరే ప్లేయరులో మొదలూ, మధ్యా, చివరా చూసి మరీ తెచ్చుకోండి.

అయిదు, ఏదీ కత్తిరించవద్దనీ, పాటలు కలపవద్దనీ గట్టిగా చెప్పండి. దీని వెనక ఒక కథ ఉంది, చెబుతాను.

సరే, ముడి వేసిన డిస్కు తెచ్చి పెట్టాం. షష్టిపూర్తి అంతా వచ్చింది. పీటల మీద అత్తగారూ మామగారూ. నా చంకలో ఏడాది పిల్ల మా అమ్మాయి. చివరికి హారతి పళ్ళెం పట్టుకుని అత్తగారు నోరు విప్పారు. వినిపించింది మాత్రం సినిమా పాట! అప్పట్లో వీడియోవాళ్ళకి ఆ అలవాటు ఉండేది గదా, అసలు మాటలన్నీ తీసేసి పైన సినిమా పాటలు పెట్టడం. ఆరోజు మనకీ అదే బావుందనిపించింది. అత్తగారి పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. మావారు లేచి అవతలికి వెళ్ళిపోయారు.

అప్పుడు గుర్తొచ్చాయి, రాతలేని ఆ రెండు క్యాసెట్లు. ఖాళీవేమోనని పెట్టెలోనే వదిలేశాను. దుకాణం కుర్రాడికి తీసుకెళ్ళి ఇస్తే, ఒకటి నిజంగా ఖాళీయే. రెండోది కత్తిరింపులూ పాటలూ లేని అసలు క్యాసెట్, కెమెరాలోంచి తీసింది తీసినట్టు. అందులో ఉన్నది పూజ దగ్గర్నుంచే, కాబట్టి మా నాన్నగారి రాక దొరకలేదు. కాని హారతి ఉంది. పిల్లల గోల, గిన్నెల చప్పుడు, "కర్పూరం ఏదీ?" అని ఎవరో అడగడం, అన్నిటి మధ్యా మా అత్తగారి గొంతు. రెండు చరణాలూ ఉన్నాయి.

కాబట్టి రాతలేని క్యాసెట్‌ని పారేయకండి. డిస్కు అయిపోయిందిగదా అని అసలు క్యాసెట్‌నీ పారేయకండి. 2000 ప్రాంతంలో చాలామంది పెళ్ళి క్యాసెట్లని వీసీడీలు చేయించుకున్నారు. వీసీడీలో బొమ్మ స్పష్టత డీవీడీ కంటే బాగా తక్కువ. మీ క్యాసెట్ ఇంకా బతికి ఉంటే మళ్ళీ చేయించుకోవచ్చు. నిలబెట్టి, పుస్తకాల్లా వరసగా, చెమ్మలేని చోట ఉంచండి. స్పీకర్ల పక్కన వద్దు, వాటిలో అయస్కాంతం ఉంటుంది.

విదేశాల్లో పిల్లలున్నవాళ్ళకి ఇంకో మాట. మన దేశపు పద్ధతి పాల్. అందులో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అమెరికాది ఎన్టీఎస్సీ, 525 గీతలు, సెకనుకి 30 బొమ్మలు. అందుకే అప్పట్లో అక్కడినుంచి వచ్చిన క్యాసెట్లు మన వీసీఆర్‌లలో సరిగా ఆడేవి కావు. డిస్కుల్లోనూ ఆ తేడా ఉంది. మన పాల్ డిస్కుని అక్కడి ప్లేయర్లు చాలా మటుకు ఆడించవు, కంప్యూటరైతే ఆడిస్తుంది. సినిమా డిస్కులకి దేశాల వారీగా ఉండే తాళాలు మన ఇంటి డిస్కులకి ఉండవు, ఆ భయం లేదు. కాబట్టి అమెరికా పంపాలంటే అక్కడి పద్ధతిలో ఒక డిస్కు విడిగా చేయించండి, లేదా ఫైలుగా పంపండి. మేం ఫైలే పంపాం.

ఫైలు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, డిస్కు ఒక్కటే నమ్ముకోకండి. ఈ రోజుల్లో కొత్త ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. దుకాణంలోనే ఎంపీ4 ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోనో, హార్డ్‌డిస్కులోనో కూడా వేయమనండి. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో నిండా రాసిన డిస్కులు పన్నెండు, పదమూడు పడతాయి. ఒక కాపీ మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో తోబుట్టువుల ఇంట్లో ఉంచండి. ఆవకాయ జాడీ పగిలితే అక్కయ్య ఇంటి నుంచి తెచ్చుకోమూ? ఇదీ అంతే.

డిస్కుకీ చిరాయువు లేదు. మనం రాయించుకునే డిస్కులో ఒక రంగు పూత ఉంటుంది. ఎండకీ వేడికీ అది వెలుస్తుంది. డబ్బాలో నిలువుగా పెట్టండి. పైన కాగితపు లేబులు అంటించకండి, డిస్కు బరువు ఒకవైపుకి లాగి ఆట తప్పుతుంది. మెత్తటి మార్కర్‌తో పేరూ తేదీ రాస్తే చాలు. ఏడాదికోసారి, ఏ దసరాకో, వేసి చూడండి. తడబడుతుంటే వెంటనే ఇంకోటి చేయించండి.

చివరిగా, డబ్బుతో కాని పని ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్ళని కూచోబెట్టి డిస్కు వేయండి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. "పదో నిమిషంలో ఎర్రంచు చీర ఆవిడ ఎవరు? వడ్డించే ఆయన ఎవరు?" అని అడిగి రాసుకోండి. మా పెద్దాడపడుచు పక్కన కూచుంటే ఒక్క పూటలో నలభై మూడు పేర్లు చెప్పారు. అందులో సగం నాకు తెలియవు. ఆవిడకి ఎనభై నిండాయి. టేపులాగే మనుషుల జ్ఞాపకానికీ గడువుంటుంది. బొమ్మ ఉండి పేరు లేకపోతే మన మనవలకి ఆ ఎర్రంచు చీర ఆవిడ ఎవరో దారినపోయే మనిషే.

బారసాలనాడు అమెరికాలో ఉయ్యాల దగ్గర మా అత్తగారి హారతి వినిపించారు. ఫోన్‌లో చూస్తూ నేనూ కూడా పాడాను. రెండో చరణం దగ్గర ఈసారి వరస తప్పలేదు. రోజూ పొద్దున్నే వంటింట్లో వింటూ నేర్చుకున్నాను మరి. మా నాన్నగారివి మాత్రం ఆ రెండడుగులే మిగిలాయి. గేటు తోసుకుని వస్తారు, పంచె ఎత్తిపట్టుకుంటారు, బొమ్మ ఆగిపోతుంది.

ఈ ఆదివారం మీ అటక మీద ఏముందో ఒకసారి చూడండి. కనిపించిన క్యాసెట్‌ని మాత్రం ప్లేయరులో పెట్టకండి. ముందు కాపీ, తర్వాత చూడటం.

సెలవు.